కారులో యాంప్లిఫయర్‌కు ఆడియో వైరు ఏ దారిన లాగించాలి? డెల్టా బండ్లకు ఒక పోలిక

కారులో యాంప్లిఫయర్ పెట్టించుకునేవారు ఊఫర్ ఎన్ని అంగుళాలది, యాంప్లిఫయర్ ఎన్ని వాట్లది అని పది దుకాణాలు తిరిగి ఆరా తీస్తారు గాని, స్టీరియో నుంచి యాంప్లిఫయర్ వరకు వైరు ఏ దారిన వెళ్లాలన్న సంగతిని మాత్రం బిగించేవారికే వదిలేస్తారు. పని తొందరగా తెమిలే దారి ఒకటి, బండికి మేలు చేసే దారి ఇంకొకటి. కోనసీమలోనూ, నరసాపురం, భీమవరం వైపూ తిరిగే బండ్లలో ఈ రెండూ తరచు వేరుగానే ఉంటాయి. ఈ విషయంపై దొరికే సలహాలలో అధిక భాగం కరెంటు వైరు నుంచి ఆడియో వైరులోకి చొరబడే గోల గురించే చెబుతుంది. కారు నేల ఏడాదిలో సగం రోజులు చెమ్మగా ఉండే ప్రాంతంలో దానికన్నా ముందు చూసుకోవలసింది నీరు. అందువల్ల ఇక్కడ ప్రతి దారినీ గోల ఎంత, తడి ఎంత అనే రెండు ప్రశ్నలతోనే తూచాను.

ముందు గోల సంగతి

యాంప్లిఫయర్‌కు వచ్చే వైర్లు నాలుగు రకాలు: బ్యాటరీ నుంచి లావుపాటి కరెంటు వైరు, దగ్గరలోని లోహపు భాగానికి బిగించే ఎర్త్ వైరు, స్టీరియో వేయగానే యాంప్లిఫయర్‌ను ఆన్ చేసే సన్నని రిమోట్ వైరు, పాటను మోసుకువచ్చే ఆర్‌సీఏ కేబుల్. అక్కడి నుంచి బయలుదేరేవి స్పీకర్ వైర్లు. వీటన్నింటిలో సుకుమారమైనది ఆర్‌సీఏ ఒక్కటే. మామూలు స్టీరియోల నుంచి అందులోకి వచ్చే సంకేతం గరిష్ఠంగా 2 నుంచి 4 వోల్టులు మాత్రమే ఉంటుంది, సౌండు తగ్గించి వింటున్నప్పుడు అందులో చిన్న భాగమే ఉంటుంది. పైగా ఆ కేబుల్‌కు తొడుగుగా ఉండే లోహపు అల్లికే సంకేతానికి తిరుగుదారి కూడా కావడం వల్ల, స్టీరియో ఎర్త్‌కూ యాంప్లిఫయర్ ఎర్త్‌కూ మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా వచ్చినా అది నేరుగా పాటలో కలిసిపోతుంది. ఇంజను వేగం పెరిగేకొద్దీ గొంతు పెంచుతూ స్పీకర్లలో వినిపించే ఈల చాలావరకు ఇలా పుట్టినదే. వైరు దారి మార్చినంత మాత్రాన అది పోదు, ఎర్త్ సరిచేస్తే పోతుంది. ఈ తేడా తెలియక డబ్బు పెట్టి ఖరీదైన ఆర్‌సీఏ కేబుల్ మార్పించుకుని, ఈల అలాగే ఉందని బాధపడేవారు తక్కువేమీ కాదు.

దారి వల్ల వచ్చే గోల వేరు. లావు వైరులో పదుల ఆంపియర్ల కరెంటు హెచ్చుతగ్గులతో పారుతున్నప్పుడు దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటుంది, దానికి ఆనుకుని మీటర్ల పొడవున ఆర్‌సీఏ పరిచి ఉంటే ఆ మార్పు అందులోకి ఎక్కుతుంది. రెండింటి మధ్య 30 సెంటీమీటర్లు ఎడం ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఎక్కడైనా ఒకదాన్ని ఒకటి దాటక తప్పకపోతే అడ్డంగా, లంబకోణంలో దాటించాలి. కేబుల్‌పై ఉండే రేకు తొడుగు ఈ అయస్కాంత గోలను ఆపదు. లోపలి రెండు తీగలు ఒకదానితో ఒకటి మెలివేసి ఉన్న రకం అయితే, ఒక మెలికలో ఎక్కినది తర్వాతి మెలికలో రద్దవుతుంది. అందుకే మూడు పొరల తొడుగు అని అట్టపెట్టె మీద రాసిన కేబుల్ కన్నా మామూలు మెలివేత కేబుల్ కారులో ఎక్కువ పనికొస్తుంది. స్పీకర్ వైర్ల గురించి ఇంత ఆలోచన అవసరం లేదు, వాటిలోని సంకేతం బలమైనది కాబట్టి అవి ఏ పక్కన వెళ్లినా ఫర్వాలేదు.

తడి ఎక్కడ చేరుతుంది

వరద రోజుల్లో కాజ్‌వేలు దాటే బండ్లలోకి తలుపు అడుగు నుంచి నీరు రావడం అందరికీ తెలిసినదే. 1986 ఆగస్టు వరదను చూసిన పెద్దవాళ్లు గాని, 2022 జూలైలో లంక గ్రామాల రోడ్లు మునగడం చూసినవారు గాని దాన్ని వేరుగా వివరించమని అడగరు. అయితే కారు నేల తడవడానికి వరదే రానక్కరలేదు. మన కార్లలో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కాబట్టి ఏసీ లోపలి భాగం చాలావరకు ఎడమవైపు, గ్లవ్ బాక్సు వెనుక అమర్చి ఉంటుంది. అక్కడ చల్లబడి కారే నీరు ఒక చిన్న గొట్టం ద్వారా బండి కిందికి పోవాలి. ఆ గొట్టంలో దుమ్ము గాని, ఆకు గాని, పురుగు గూడు గాని అడ్డుపడితే ఆ నీరంతా ముందు ఎడమ సీటు కాళ్ల దగ్గర కార్పెట్ కిందికి దిగుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన వైపు ఏసీ నుంచి కారే నీరు కూడా ఎక్కువే. కార్పెట్ కింద ఉండే దళసరి స్పాంజి ఆ నీటిని పీల్చుకుని, పైన చేత్తో తాకితే పొడిగా అనిపిస్తున్నా, వారాల తరబడి అడుగున తడిని నిలిపి ఉంచుతుంది.

ఆ తడిలో అతుకు లేని వైరు పడి ఉంటే దాని ప్లాస్టిక్ తొడుగు కాపాడుతుంది. అతుకు ఉంటే మాత్రం కాపాడేది ఏదీ ఉండదు. ఆర్‌సీఏ పిన్నులు గాని, టేపు చుట్టిన రిమోట్ వైరు అతుకు గాని నేల మీద ఉంటే మొదట పచ్చగా చిలుము పట్టి, తర్వాత ఒక స్పీకరు ఉండుండి ఆగిపోవడం, గరగరమనడం మొదలవుతాయి. కాకినాడ నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వైపు సాగే 216వ నంబరు జాతీయ రహదారి మీద రోజూ తిరిగే బండ్లకు, రొయ్యల చెరువుల గట్ల మీద నిలిపే బండ్లకు ఉప్పు గాలి తోడై ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా, అతుకులు నేల మీద ఉండకూడదన్న నియమాన్ని మాత్రం వదులుకోరాదు.

గడప పట్టీలా, మధ్య కన్సోలా

అసలు ఎంపిక ఈ రెండింటి మధ్యనే. తలుపు తెరవగానే కాలు పెట్టేచోట కనిపించే పొడవాటి ప్లాస్టిక్ పట్టీ కింద, డాష్‌బోర్డు నుంచి వెనుక సీటు వరకు ఒక సందు ఉంటుంది. పట్టీ క్లిప్పులతో ఊడివస్తుంది కాబట్టి పని సులువు. దుకాణాల్లో ఎక్కువగా వాడే దారి ఇదే. ఒక గడప వెంట కరెంటు వైరు, ఎదుటి గడప వెంట ఆర్‌సీఏ వేస్తే రెండింటి మధ్య కారు వెడల్పంత ఎడం వస్తుంది, అందుకే దీన్ని శాస్త్రీయమైన పద్ధతి అని చెబుతారు. గోల విషయంలో ఆ మాట నిజమే. అయితే రెండు చిక్కులున్నాయి. మొదటిది, గడప పట్టీ కింద కంపెనీవారి సొంత వైర్ల కట్ట ఉంటుంది, అందులో పసుపు తొడుగు ఉన్నవి ఎయిర్‌బ్యాగులకూ సీటు బెల్టు బిగించే యంత్రానికీ సంబంధించినవి. వాటికి కొత్త వైరును కట్టడం, వాటి క్లిప్పులు ఊడదీయడం, టెస్టర్ పెట్టి చూడడం ఎంతమాత్రం కూడదు. రెండవది తడి. వానలో తలుపు తీసినప్పుడల్లా కారేది గడప మీదే, బీడింగ్ రబ్బరు పాతబడిన బండిలో అది పట్టీ కిందికి కూడా దిగుతుంది.

మధ్య కన్సోల్ దారి అంటే స్టీరియో వెనుక నుంచి నేరుగా కిందికి దిగి, గేరు రాడ్డు, హ్యాండ్ బ్రేకు పక్కన ఉండే ఎత్తైన గట్టు వెంట వెనక్కి వెళ్లడం. ఈ గట్టు నేల కన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి కాళ్ల దగ్గర చేరిన నీరు దాన్ని అందుకోవడం కష్టం. దూరం కూడా తక్కువ: చిన్న కారులో గడప వెంట వెళ్లి డిక్కీ చేరడానికి 5 మీటర్ల కేబుల్ కావలసివస్తే, మధ్యగా వెళ్తే దాదాపు ఒక మీటరు మిగులుతుంది. కరెంటు వైరు ఏ గడప వెంట వెళ్లినా మధ్య గట్టుకు 30 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ ఎడమే ఉంటుంది. దీని కష్టమల్లా శ్రమ. కన్సోల్ విప్పాలి, కొన్ని కార్లలో ముందు సీట్లు కూడా తీయాలి, గేరు తీగలకూ హ్యాండ్ బ్రేకు తీగకూ తగలకుండా కట్టాలి. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగుల కంట్రోల్ యూనిట్ సరిగ్గా ఈ గట్టు మీదే బిగించి ఉంటుంది. అందుకే కన్సోల్ విప్పేముందు తాళం చెవి తీసి, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, కొన్ని నిమిషాలు ఆగిన తర్వాతే పని మొదలుపెట్టాలి. ఆ యూనిట్ బోల్టులను ఎర్త్ కోసం వాడే దుస్సాహసం ఎవరూ చేయకూడదు.

బ్యాటరీ ఏ పక్క ఉందో చూసి తేల్చుకోవచ్చు. బానెట్ ఎత్తితే బ్యాటరీ ఎడమవైపు ఉందనుకుందాం. అప్పుడు కరెంటు వైరు ఎడమ గడప వెంట వెళ్తుంది. అది ఏసీ నీరు చేరే పక్కే అయినా, ఆ వైరులో మధ్యన అతుకు ఉండదు కాబట్టి నష్టం లేదు. ఆర్‌సీఏ కుడి గడప వెంట, అంటే సాపేక్షంగా పొడిగా ఉండే పక్కన వెళ్తుంది. ఇక్కడ గడపల పద్ధతి చాలు, కన్సోల్ విప్పించనక్కరలేదు. బ్యాటరీ కుడివైపు ఉంటే మాత్రం గడపల పద్ధతి ఆర్‌సీఏను తీసుకెళ్లి సరిగ్గా తడి పక్కన పెడుతుంది. అలాంటి బండికి మజూరీ ఎంత ఎక్కువైనా మధ్య దారినే ఎంచుకోమని నా సలహా. బయటి ఊళ్ల సలహాలు ఈ రెండు సందర్భాలనూ ఒకటిగానే చూస్తాయి. మన దగ్గర అవి ఒకటి కావు.

కరెంటు వైరు, ఆర్‌సీఏ రెండూ ఒకే గడప వెంట వేయడం చౌక పని. చిన్న యాంప్లిఫయర్ అయి, ఆర్‌సీఏ మెలివేత రకమై ఉంటే గోల వినిపించకపోవచ్చు. అలా వినిపించని బండ్లు ఉన్నాయన్నది కూడా ఒప్పుకోవలసిందే. కాని తర్వాత పెద్ద యాంప్లిఫయర్ పెట్టాలనుకుంటే మళ్లీ అంతా విప్పవలసి వస్తుంది.

పైకప్పు గుడ్డ వెనుక నుంచి లాగడం కొందరు తడికి విరుగుడుగా చెబుతారు. కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉన్న కారులో అవి తెరుచుకునేది ముందు స్తంభం నుంచి వెనుక స్తంభం వరకు ఉన్న ఆ అంచులోనే కాబట్టి, ఆ దారిని పూర్తిగా వదిలేయాలి. బండి అడుగు నుంచి, ఛాసిస్ వెంట లాగడం గురించి రెండు మాటలు కూడా ఎక్కువే. బురద, ఉప్పు నీరు, సైలెన్సర్ వేడి, రాయి దెబ్బ అన్నీ అక్కడే ఉంటాయి, పెట్రోలు గొట్టాలూ బ్రేకు గొట్టాలూ అక్కడే ఉంటాయి.

ఆర్‌సీఏ లేకుండానే

కొత్త కార్లలో కంపెనీ నుంచి వచ్చే టచ్ స్క్రీన్ స్టీరియోలకు చాలావాటికి వెనుక ఆర్‌సీఏ రంధ్రాలే ఉండవు. వాటిని తీసి వేరే స్టీరియో పెడితే స్టీరింగ్ మీది బటన్లు, రివర్స్ కెమెరా పనిచేయడానికి వేరే అడాప్టర్లు కావాలి, వారంటీ తగువు కూడా రావచ్చు. అలాంటప్పుడు స్పీకర్ వైర్ల నుంచే సంకేతం తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్ కొనడం మేలు. వెనుక తలుపుల స్పీకర్ల వైర్లు వెళ్లే చోట నుంచే సంకేతం అందుకుంటే ముందు నుంచి వెనక్కి ఆడియో వైరు లాగవలసిన అవసరమే తప్పుతుంది. దారి, గోల, తడి అన్న మూడు చిక్కులూ ఒకేసారి చిన్నవవుతాయి. ఇలాంటి యాంప్లిఫయర్లలో చాలావాటికి స్పీకర్ వైరులోని వోల్టేజిని గుర్తించి తమంతట తామే ఆన్ అయ్యే ఏర్పాటు ఉంటుంది కాబట్టి రిమోట్ వైరు కూడా మిగులుతుంది. లోపం ఏమిటంటే, కొన్ని కంపెనీ స్టీరియోలు సౌండు పెంచేకొద్దీ చిన్న స్పీకర్లు చిరగకుండా బేస్‌ను తామే తగ్గిస్తాయి, ఆ తగ్గింపు ఊఫర్‌లోనూ వినిపిస్తుంది. పెళ్లి ఊరేగింపు స్థాయిలో మోగాలనుకునేవారికి ఇది సరిపోదు. ఇంటిల్లిపాదీ కలిసి ప్రయాణిస్తూ పాట బాగా వినాలనుకునేవారికి మాత్రం నేను మొదట చెప్పేది ఇదే. వైరును కోసి అతకకుండా, ఆ మోడల్‌కు సరిపడే కప్లర్ (రెండు చివరలా ప్లగ్గు ఉన్న జోడింపు వైరు) కొని మధ్యలో తగిలిస్తే కంపెనీ వైరింగ్ చెక్కుచెదరదు.

వైరు రకమూ దారిలో భాగమే

దుకాణంలో 4 గేజ్ (ఈ అంకె తగ్గేకొద్దీ వైరు లావు పెరుగుతుంది) కిట్ అని చూపించేవాటిలో చౌకవి చాలావరకు అల్యూమినియం తీగపై రాగి పూత వేసినవి. ఒకే మందంలో స్వచ్ఛమైన రాగితో పోలిస్తే వాటి వాహకత సుమారు మూడింట రెండు వంతులు. లెక్క చూద్దాం. అసలు సామర్థ్యం 600 వాట్లున్న డి క్లాస్ యాంప్లిఫయర్, 80 శాతం దక్షతతో, 13.8 వోల్టుల దగ్గర పూర్తి సౌండులో సుమారు 54 ఆంపియర్లు లాగుతుంది. 5 మీటర్ల 4 గేజ్ రాగి వైరులో దానివల్ల పోయే వోల్టేజి 0.2 చిల్లర, పూత వైరులో 0.3 దాటుతుంది, 8 గేజ్ రాగిలో అర వోల్టు దాటుతుంది. అంకెల్లో తేడా చిన్నదే. మన వైపు అసలు ఇబ్బంది కోసిన చివర దగ్గర ఉంది: అక్కడ అల్యూమినియం బయటపడి, రాగితో కలిసి ఉప్పు తేమ తగిలితే తెల్లగా పొడి రాలుతూ తినేస్తుంది. సముద్రానికి దగ్గరలో ఉండేవారు రాగి వైరే కొనాలి, తగరం పూసిన రాగి దొరికితే ఇంకా మంచిది.

కరెంటు వైరుకు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండి తీరాలి. అది యాంప్లిఫయర్‌ను కాపాడటానికి కాదు, దారిలో ఎక్కడైనా తొడుగు తెగి బాడీకి తగిలినప్పుడు బండి అంటుకోకుండా. ఇంజను గదికీ లోపలికీ మధ్య ఉన్న రేకు గోడలో కంపెనీవారు పెట్టిన రబ్బరు బిరడా ఉంటే దానిలోంచే వైరును తీసుకురావాలి, లోపలికి వచ్చేముందు ఒక వంపు కిందికి వేలాడేలా కట్టాలి. అలా కడితే వైరు వెంట జారే వాన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కొబ్బరి తోటలో గాని, ధాన్యం పక్కన గాని బండి నిలిపేవారు ఎలుకల కోసం ముడతల గొట్టం తొడిగించుకోవాలి. ఎర్త్ కోసం డిక్కీలో స్టెప్నీ గుంటను ఎంచుకోవద్దు, నీరు నిలిచేది అక్కడే. సీటు బెల్టు బోల్టునూ వాడవద్దు. పక్క గోడకు ఆనుకుని ఎత్తుగా ఉన్న చోట పెయింటు గీకి, రింగు టెర్మినల్ బోల్టుతో బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు గాని పెయింటు గాని పూయాలి. ఆ వైరు పొడవు 45 సెంటీమీటర్లు మించకుండా చూసుకోవాలి.

బండిని బట్టి

సీఎన్‌జీ బండిలో డిక్కీని సిలిండరే ఆక్రమిస్తుంది. అందులో గ్యాసు 200 బార్ ఒత్తిడితో ఉంటుంది, అక్కడ కొత్త రంధ్రం, కొత్త స్క్రూ అన్న మాటే రాకూడదు. ముందు సీటు కింద ఇమిడే, యాంప్లిఫయర్ లోపలే ఉన్న పలుచని ఊఫర్ దీనికి తగినది. ఆడియో వైరు మధ్య కన్సోల్ నుంచి ఒకటిన్నర మీటరులో ముగుస్తుంది. డ్రైవరు సీటు కిందే పెట్టించండి, ఎడమ సీటు కింద వద్దు. కారణం పైన చెప్పిన ఏసీ నీరే. సీటు ముందుకూ వెనక్కూ జరిపి, పట్టాల్లో వైరు నలగడం లేదని చూసుకోవాలి. నేల కన్నా కొంచెం ఎత్తుగా, చిన్న బ్రాకెట్ల మీద నిలబెట్టమనడం కూడా అత్యాశ కాదు.

ఎలక్ట్రిక్ కారుకూ దాదాపు ఇదే సలహా, ఇంకా గట్టిగా. నేల కింద అంతా ప్రధాన బ్యాటరీయే ఉంటుంది కాబట్టి నేలకు స్క్రూ వేయరాదు, నారింజ రంగు తొడుగు వైర్ల జోలికి పోరాదు. కరెంటు చిన్న 12 వోల్టుల బ్యాటరీ నుంచే తీసుకోవాలి. మూడు వరసల సీట్లున్న కుటుంబ బండ్లలో దూరం ఎక్కువ కాబట్టి హై లెవెల్ పద్ధతి మరింత లాభం. చెరువుల పనికి తిరిగే పికప్‌లలో సీటు వెనుకే యాంప్లిఫయర్ పెట్టవచ్చు, దారి రెండు మీటర్ల లోపే. వాటికి ఇంత చర్చ అక్కరలేదు, తడి చెప్పులు తగలని ఎత్తులో పెడితే చాలు.

పట్టీలు మూసేముందు

ఆర్‌సీఏను మొదట సీట్ల మీదుగా వదులుగా పరిచి, ఇంజను ఆన్ చేసి, పాట లేకుండా సౌండు పెంచి వినమని అడగండి. అలా పైన పరిచినప్పుడు లేని ఈల, లోపల కట్టిన తర్వాత వస్తే తప్పు దారిది. పైన ఉన్నప్పుడే వస్తే దారిది కాదు. అప్పుడు యాంప్లిఫయర్ దగ్గర ఆర్‌సీఏ ఊడదీసి చూడాలి: ఈల ఆగితే వెతకవలసింది స్టీరియో వైపు ఎర్త్‌లో, ఆగకపోతే యాంప్లిఫయర్ ఎర్త్‌లో. మిగిలిన కేబుల్‌ను గుండ్రంగా చుట్టి యాంప్లిఫయర్ పక్కన పడేయనివ్వకండి, ముందుకూ వెనక్కూ మడిచి కరెంటు వైరుకు దూరంగా కట్టించండి. పట్టీలు మూసేముందు దారి పొడవునా ఫోన్‌తో ఫొటోలు తీసి ఉంచుకుంటే, ఆ తర్వాత కార్పెట్ తడిసినప్పుడు ఎక్కడ విప్పాలో వెతుక్కోనక్కరలేదు. బిల్లు తీసుకుని బీమా కంపెనీకి కూడా తెలియజేయాలి. కంపెనీ నుంచి రాని ఎలక్ట్రికల్ సామానును పాలసీలో విలువతో సహా రాయించి, దానికి అదనపు ప్రీమియం కడితేనే, వరదలో గాని దొంగతనంలో గాని పోయినప్పుడు దానికి పరిహారం అడగడానికి వీలుంటుంది.